ఇంట్లో, కేర్ హోమ్‌లో పెద్దవాళ్ల నర్సింగ్: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నర్సుని. పుట్టింది అనంతపురం జిల్లా, జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చదివింది బెంగళూరులో. కొన్నేళ్లు ఆసుపత్రి వార్డులో చేశాను, తర్వాత ఇళ్లకు వెళ్లి చూసుకున్నాను, ఇప్పుడు ఒక కేర్ హోమ్‌లో పనిచేస్తున్నాను. మారతహళ్లి నుంచో, వైట్‌ఫీల్డ్ నుంచో, విజయనగర్ నుంచో "సిస్టర్, ఒక్క డౌట్" అంటూ వచ్చే ఫోన్లలో దాదాపు ఇవే ప్రశ్నలుంటాయి, అందుకే ఒకచోట రాసి పెట్టాను. మీ డాక్టరు మీ అమ్మానాన్నల గురించి ప్రత్యేకంగా ఏదైనా చెప్పి ఉంటే ఆ మాటే వినండి.

మాకు కావాల్సింది నర్సా, అటెండెంటా?

స్నానం, తినిపించడం, డైపర్ మార్చడం, పక్కకి తిప్పడం, నడిపించడం, ఇవి అటెండెంట్ పనులు. ఇంజెక్షన్, సెలైన్, ట్యూబ్ వెయ్యడం, కేథటర్ (మూత్రం గొట్టం) మార్చడం, లోతైన పుండుకి డ్రెస్సింగ్, గొంతులో ట్యూబ్ ఉన్నవాళ్లకి కఫం లాగడం, ఇవి నర్సు పనులు. నర్సు అంటే రెండేళ్ల ఏఎన్ఎం గానీ, మూడేళ్ల జీఎన్ఎం గానీ, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన మనిషి. ఏజెన్సీ వాళ్లు తెల్ల కోటు వేసి పంపినంత మాత్రాన నర్సు అయిపోరు. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మొహమాటపడకండి, నిజమైన నర్సు ఆ ప్రశ్నకి బాధపడదు.

చాలా ఇళ్లలో 24 గంటల నర్సు అవసరం ఉండదు. పగలంతా మంచి అటెండెంట్, వారానికి రెండుసార్లు వచ్చి చూసిపోయే నర్సు, ఇది సరిపోతుంది. ఆ మిగిలిన డబ్బుతో ఒక మంచి మంచం, ఎయిర్ బెడ్ కొనండి.

ఖర్చు ఎంత అవుతుంది? ఇన్సూరెన్స్ వస్తుందా?

ఏరియాని బట్టి, ఏజెన్సీని బట్టి మారుతుంది. ఈ మధ్య నా చెవిన పడ్డ రేట్లు చెప్తాను: ఇంట్లోనే ఉండే అటెండెంట్‌కి నెలకి 25 వేల నుంచి 35 వేల దాకా, కేర్ హోమ్ అయితే 35 వేల దగ్గర మొదలై మంచానపడ్డ మనిషికి, మతిమరుపు జబ్బు ఉన్న మనిషికి 80 వేలు, ఆపైన కూడా. డైపర్లు, మందులు, డాక్టరు ఫీజు ఇందులో కలిపారా లేదా అన్నది ముందే రాయించుకోండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి.

చాలా హెల్త్ పాలసీల్లో అటెండెంట్ ఖర్చు రాదు. 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ని 70 ఏళ్లు దాటిన అందరికీ వర్తించేలా చేశారు, ఏడాదికి 5 లక్షల దాకా, కానీ అది ఆసుపత్రిలో అడ్మిట్ అయితేనే, ఇంటికొచ్చే నర్సుకి కాదు. అమ్మానాన్నలకి 60 దాటి ఇన్సూరెన్స్ లేకపోతే, వాళ్ల వైద్య ఖర్చులో 50 వేల దాకా ఆదాయపు పన్ను మినహాయింపు కింద చూపించుకోవచ్చు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఇది, అదీ నగదుగా కట్టింది లెక్కలోకి రాదు, కాబట్టి ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో కట్టి బిల్లు దాచుకోండి.

మంచానపడ్డవాళ్లకి పుండ్లు పడకుండా ఏం చెయ్యాలి?

ఇది నేను ఎంత రాసినా తక్కువే.

బెల్లందూరు దగ్గర ఒక ఫ్లాట్‌కి డ్రెస్సింగ్ కోసం పిలిచారు. కదిరి వైపు అవ్వ, తుంటి ఆపరేషనయ్యి మూడు వారాలు. ఇల్లు అద్దంలా ఉంది, దుప్పటి తెల్లగా ఉంది, అవ్వకి తల దువ్వి బొట్టు కూడా పెట్టారు. కొడుకు రోజూ ఆఫీసుకి వెళ్లే ముందు వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చునేవాడట. నేను దుప్పటి కాళ్ల వైపు నుంచి ఎత్తాను. ఎడమ మడమ రూపాయి బిళ్లంత మేర నల్లగా, గట్టిగా, చచ్చిన తోలులా ఉంది. అవ్వకి షుగర్ వల్ల కాలిలో స్పర్శ లేదు కాబట్టి నొప్పి అనలేదు, నొప్పి అనలేదు కాబట్టి ఎవరూ చూడలేదు. ఆ మడమ మానడానికి ఐదు నెలలు పట్టింది. ఆ కొడుకు మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేదు, ప్రేమ లేక జరిగింది కాదు అది.

ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగితే రక్తం ఆడదు. కొన్ని గంటలు చాలు. అందుకే రెండు గంటలకొకసారి పక్కకి తిప్పాలి. పూర్తిగా పక్కకి పడుకోబెడితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది, కాబట్టి వీపు వెనక దిండు పెట్టి కొంచెం ఒరిగించినట్టు ఉంచండి చాలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడండి. పైకి జరపాలంటే చంకల్లో చేతులు పెట్టి లాగకండి, కింద పరిచిన గుడ్డని ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తి జరపండి, ఎందుకంటే ఈడ్చినప్పుడు లోపలి చర్మం చిరుగుతుంది, పైకి ఏమీ కనపడదు.

రోజుకొకసారి, స్నానం చేయించేటప్పుడు, పిర్రల మధ్య ఎముక, తుంటి రెండువైపులా, మడమలు, చీలమండలు, మోచేతులు, తల వెనక, చెవుల మీద చూడండి. ఎర్రగా ఉంటే వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయం ఉంది, నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. నలుపు రంగు వాళ్లకి ఎరుపు తెలియదు, కాబట్టి చేత్తో తాకి చూడండి, చుట్టుపక్కల కంటే వేడిగా గానీ గట్టిగా గానీ ఉంటే నర్సుని పిలవండి.

ఆ ఎర్రటి చోట మర్దన చెయ్యొద్దు. స్పిరిట్ రాయొద్దు. మధ్యలో చిల్లున్న రబ్బరు ట్యూబ్ మీద కూర్చోబెట్టొద్దు, అది చుట్టూ ఉన్న రక్తాన్ని ఆపేస్తుంది. ఎయిర్ బెడ్ మంచిదే కానీ అది ఉంది కదా అని తిప్పడం మానెయ్యొద్దు, దాని మీద రబ్బరు షీటు, బొంత, దుప్పటి అన్నీ పరిస్తే అది పనిచెయ్యదు. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గించకండి, ప్రోటీన్ లేకుండా పుండు మానదు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఎంత పెట్టాలో డాక్టరుని అడగండి.

అమ్మకి తెలుగు తప్ప రాదు, అటెండెంట్‌కి తెలుగు రాదు. ఫర్వాలేదా?

మన బెంగళూరు తెలుగువాళ్ల ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఒడిశా, అస్సాం, జార్ఖండ్ నుంచో, రాయచూరు, కలబురగి వైపు నుంచో వచ్చిన అమ్మాయిలే ఎక్కువమంది. మనసున్న పిల్లలే, కానీ మాట అందదు. పైగా మతిమరుపు జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాషలు ముందు పోతాయి, చిన్నప్పటి భాష మిగులుతుంది. నలభై ఏళ్లు జయనగర్‌లో ఉండి కన్నడం గడగడా మాట్లాడిన మనిషి కూడా ఒకరోజు పులివెందుల తెలుగు తప్ప ఏదీ మాట్లాడరు.

ఒక అవ్వ పొద్దున్నుంచి "నీళ్లు పోసుకోవాల, నీళ్లు పోసుకోవాల" అంటూనే ఉంది. కన్నడ అమ్మాయికి "నీళ్లు" వరకు అర్థమైంది, పాపం గ్లాసు తర్వాత గ్లాసు తెచ్చి తాగించింది. అవ్వ అడిగింది స్నానం. తాగిన నీళ్లన్నీ పక్కలో పోసుకునేసరికి "మొండితనం ఎక్కువైంది" అని రిపోర్టులో రాశారు. ఇంకో పెద్దాయన "బయటికి పోవాల" అంటే పారిపోతాడేమో అని తలుపుకి గడియ పెట్టేవారు. ఆయన అడిగింది లెట్రిన్‌కి.

కాబట్టి ఒక కాగితం మీద మీ ఇంట్లో వాడే మాటలే రాయండి, పుస్తకంలో మాటలు కాదు. ఒంటికి, దొడ్డికి, బయటికి, నీళ్లు పోసుకోవడం, ఆయాసం, సలుపు, గుంజుతోంది, తిమ్మిరి, కడుపుబ్బరం. పక్కన అటెండెంట్‌కి తెలిసిన లిపిలో ఆ మాట పలికే తీరు, అర్థం రాసి మంచం పక్కన గోడకి అంటించండి. కేర్ హోమ్‌లో చేర్చేటప్పుడు కూడా ఈ కాగితం ఫైల్‌లో పెట్టించండి. ఏ పేరుతో పిలిస్తే పలుకుతారో అదీ రాయండి: రికార్డులో వెంకటలక్షమ్మ అని ఉన్నా ఆవిడ జీవితమంతా "అక్కమ్మ" అయితే, ఆ పేరుతో పిలిస్తేనే కళ్లు తెరుస్తుంది. సాంబారులో బెల్లం వేస్తే తినరని, రాగి సంకటి అయితే నాలుగు ముద్దలు తింటారని కూడా రాయండి, బరువు తగ్గిపోతున్నవాళ్లకి ఇది మందుతో సమానం.

ముక్కులో ట్యూబ్ పెట్టి పంపారు. భయంగా ఉంది, ఇంట్లో దానిలోంచి తిండి పెట్టగలమా?

పెట్టగలరు, కానీ ఆసుపత్రి నుంచి బయటికి వచ్చేలోపు నర్సు ముందు మీరే రెండుసార్లు మీ చేతులతో ఆ ట్యూబ్‌లో తిండి పోసి చూపించండి. వీడియో తీసుకుంటే చాలదు.

ముక్కు దగ్గర ట్యూబ్ మీద గుర్తు ఉంటుంది, ప్రతిసారీ ఆ గుర్తు అక్కడే ఉందో లేదో చూడండి. జరిగి ఉంటే ఏమీ పొయ్యకండి, నర్సుని పిలవండి. ట్యూబ్ చివర నీళ్లలో ముంచి బుడగలు వస్తాయేమో చూడటం నమ్మదగ్గ పద్ధతి కాదు. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, సిరంజిలో పోసి దానంతట అదే దిగనివ్వండి, గట్టిగా తొయ్యకండి. ముందు, తర్వాత 30 మిల్లీలీటర్ల మంచినీళ్లు. అయిపోయాక అరగంట నుంచి గంట దాకా పడుకోబెట్టొద్దు. దగ్గు, ఆయాసం, పెదాలు నీలంగా మారడం, వీటిలో ఏది కనపడినా వెంటనే ఆపెయ్యండి. రాగి జావ పల్చగా చేసి గుడ్డలో వడకట్టాలి, లేకపోతే ట్యూబ్ పూడుకుపోతుంది. మాత్రలు నూరే ముందు అడగండి, నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రలని నూరితే రోజంతటి డోసు ఒక్కసారిగా లోపలికి పోతుంది.

నోటితో తినడంలేదు కదా అని నోరు వదిలెయ్యొద్దు. రోజుకి రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో గానీ గుడ్డతో గానీ తుడవాలి, ఆ నోటిలోని మురికే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది.

మూత్రం బ్యాగు విషయంలో?

బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కింద ఉండాలి, నేలకి మాత్రం తగలకూడదు. నిండేదాకా ఆగకుండా ఖాళీ చెయ్యండి, ముందు తర్వాత సబ్బుతో చేతులు కడగండి. వీల్‌చైర్‌లో తీసుకెళ్లేటప్పుడు బ్యాగుని ఒళ్లో పెట్టకండి, మూత్రం వెనక్కి పోతుంది. కేథటర్ అవసరం తీరిందా అని ప్రతి విజిట్‌లో డాక్టరుని అడగండి, అది ఎన్ని రోజులుంటే అంత ఇన్ఫెక్షన్.

నిన్నటిదాకా బాగున్నారు, ఇవాళ ఏదేదో మాట్లాడుతున్నారు. వయసేనా?

కాదు. ఒకటి రెండు రోజుల్లో వచ్చిన మార్పుని వయసు మీద తోసెయ్యకండి. మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ల మీద వస్తుంది. హఠాత్తుగా గాలిలో ఏదో అందుకోబోవడం, పగలంతా నిద్ర, రాత్రంతా కేకలు, లేదంటే ఉలుకూ పలుకూ లేకుండా మత్తుగా పడుకోవడం, ఇది డెలిరియం, దీనికి లోపల వేరే కారణం ఉంటుంది. మూత్రం ఇన్ఫెక్షన్, న్యుమోనియా, నీళ్లు తక్కువ తాగడం, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్రో అలర్జీ మాత్రో. పెద్దవాళ్లకి ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. మన ఇళ్లలో ఎక్కువగా కనపడేది సోడియం తగ్గడం: బీపీకి మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర వాడుతూ, ఉప్పు బాగా తగ్గించేసి, మధ్యలో రెండు రోజులు వాంతులో విరేచనాలో అయితే చాలు. ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది. అలాగని మీ అంతట మీరు ఉప్పు నీళ్లు పట్టించకండి, పరీక్ష చేయించండి.

ఈ మధ్య పడ్డారా అని గుర్తుచేసుకోండి. రక్తం పల్చబడే మందు వాడేవాళ్లకి తలకి చిన్న దెబ్బ తగిలినా లోపల నెమ్మదిగా రక్తం చేరి వారాల తర్వాత కూడా బయటపడుతుంది.

మూతి ఒకవైపుకి పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం లక్షణాలు. 108కి ఫోన్ చెయ్యండి, చివరిసారి బాగా ఉన్నప్పుడు టైమెంతో రాసుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు, అది కూడా ఆ టైము నుంచే లెక్క. బెంగళూరు ట్రాఫిక్‌లో అందులో ఎంత మిగులుతుందో మీకే తెలుసు, స్కాన్, స్ట్రోక్ చికిత్స ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి.

షుగర్ పడిపోతే?

చెమటలు, వణుకు, తిక్కతిక్కగా మాట్లాడటం కనపడితే మిషన్‌తో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ చూసి, తర్వాత ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, 108. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రల వల్ల పడిపోతే మళ్లీ మళ్లీ పడుతుంది, ఆ రోజంతా కనిపెట్టుకుని ఉండాలి. అన్నం తింటారో లేదో తెలియకముందే ఇన్సులిన్ వెయ్యడం చాలా ఇళ్లలో జరిగే తప్పు.

రాత్రిపూట లేచి పడిపోతారని చేతులు కట్టేయొచ్చా?

వద్దు. కట్టేసినవాళ్లు గింజుకుని ఇంకా ఘోరంగా దెబ్బలు తగిలించుకుంటారు, పుండ్లు పడతాయి, భయంతో అయోమయం పెరుగుతుంది. ఒక కేర్ హోమ్ నుంచి మా దగ్గరికి మార్చిన తాత పొడుగు చేతుల చొక్కా విప్పుతుంటే రెండు మణికట్లకీ తాడు ముద్రలున్నాయి. నేను బట్టలు మార్చడానికి చెయ్యి పట్టుకున్న ప్రతిసారీ ఆయన రెండు చేతులూ జోడించేవాడు, వారం రోజులు పట్టింది అది పోవడానికి.

ఎందుకు లేస్తున్నారో చూడండి. చాలామంది మూత్రానికి లేస్తారు. పడుకునే ముందు, రాత్రి రెండింటికి ఒకసారి మీరే తీసుకెళ్తే లేవరు. మంచం ఎత్తు తగ్గించండి, బాత్రూమ్ దారిలో చిన్న లైటు వెయ్యండి, గోడకి పట్టుకునే కడ్డీ బిగించండి, నైలాన్ చాపలు తీసెయ్యండి. మతి సరిగా లేనివాళ్లు మంచం పక్క కడ్డీల మీంచి ఎక్కి దూకుతారు, అది ఇంకా ఎత్తునుంచి పడటం. లేచిన వెంటనే నిలబెట్టకుండా రెండు నిమిషాలు మంచం అంచున కూర్చోబెట్టండి.

కేర్ హోమ్‌లో పెడితే నలుగురూ ఏమంటారు?

అంటారు. ఊరినుంచి వచ్చిన పెదనాన్న అంటాడు, పిన్ని అంటుంది, అన్నవాళ్లెవరూ రాత్రి మూడింటికి లేచి డైపర్ మార్చరు. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకి పోయి, కొత్త అటెండెంట్ చేతిలో రోజంతా వదిలేసిన అమ్మ కంటే, మంచి కేర్ హోమ్‌లో ముగ్గురు చూసుకునే అమ్మ బాగుండటం నేను చూశాను. ఇంట్లోనే మనవళ్ల గొంతు వింటూ బాగున్నవాళ్లనీ చూశాను. తల్లి ఎక్కడ ఉందన్నది కాదు నేను చూసేది, ఆమెని చూడటానికి ఎవరైనా వస్తున్నారా లేదా అని. ఎవరో ఒకరు వారానికోసారైనా వచ్చే మనిషి గోళ్లు కూడా శుభ్రంగా ఉంటాయి, ఎందుకంటే స్టాఫ్‌కి తెలుసు ఎవరో చూస్తారని. చెప్పడానికి బాధగా ఉన్నా ఇది నిజం.

మంచి హోమ్ అని ఎలా తెలుస్తుంది?

ముందు చెప్పకుండా సాయంత్రం ఏడింటికి వెళ్లండి, పొద్దున పదకొండింటికి అన్నీ బాగానే ఉంటాయి. రాత్రి డ్యూటీలో ఎంతమంది, వాళ్లలో రిజిస్టర్డ్ నర్సు ఉందా, డాక్టరు ఎన్నిరోజులకి వస్తాడు, ఏ ఆసుపత్రికి పంపుతారు అని అడగండి. "ఇప్పుడు మీ దగ్గర పుండ్లున్న పేషెంట్లు ఎంతమంది" అని అడగండి, లెక్క చెప్పి, అందులో ఎన్ని బయటినుంచి వచ్చినప్పుడే ఉన్నాయో చెప్పగలిగినవాళ్లు చూసుకుంటున్నారని అర్థం. నీళ్ల గ్లాసు పెద్దవాళ్ల చేతికి అందేలా ఉందో చూడండి. మతిమరుపు జబ్బు అయితే కస్తూరినగర్‌లో నైటింగేల్స్ మెడికల్ ట్రస్ట్ వాళ్ల సెంటర్ ప్రత్యేకంగా దానికోసమే ఉంది. నిమ్హాన్స్‌లో కూడా పెద్దవాళ్ల మానసిక సమస్యలకి విడిగా క్లినిక్ ఉంది.

అటెండెంట్ తరచూ మానేస్తోంది. ఏం చెయ్యాలి?

ఆ అమ్మాయి ఎక్కడ పడుకుంటోంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తోంది, వారానికి ఒకరోజు సెలవుందా, కడుపునిండా తింటోందా? "24 గంటలు" అని ఏజెన్సీ రాసినా ఏ మనిషీ 24 గంటలు పనిచెయ్యలేరు. డెబ్బై కిలోల మనిషిని ఒక్కతే ఎత్తమంటే నెలలో నడుము పోతుంది, ఆ సమయానికి ఇంట్లోవాళ్లు ఒకరు చెయ్యి వెయ్యండి. డబ్బు, నగలు మాత్రం లోపల పెట్టి తాళం వేసుకోండి, ఆధార్ కాపీ, పోలీస్ వెరిఫికేషన్ తీసుకోండి. ఇది ఇద్దరికీ మంచిది.

పిల్లలు ఆస్తి రాయించుకుని చూడటంలేదు, ఎవరికి చెప్పాలి?

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. అసిస్టెంట్ కమిషనర్ దగ్గర ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టొచ్చు, నెలకి 10 వేల దాకా ఇప్పించగలరు. చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూడకపోతే 23వ సెక్షన్ కింద రద్దు చేయించుకోవచ్చు, ఆ షరతు పత్రంలోనే రాసి ఉంటే గట్టిగా నిలబడుతుంది. ఫోన్లో సాయానికి దేశమంతటా 14567, బెంగళూరులో పెద్దవాళ్లకోసం 1090.

ఇక లాభం లేదన్నారు. ఐసీయూకి తీసుకెళ్లాలా?

నొప్పి, ఆయాసం తగ్గించడం కూడా వైద్యమే, దాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. క్యాన్సర్ చివరి దశలో ఉన్నవాళ్లకి మారతహళ్లి వైపు కరుణాశ్రయ ఉంది, డబ్బు తీసుకోరు. మీ అమ్మకి వెంటిలేటర్ వద్దనుకుంటే మతి బాగున్నప్పుడే రాయించుకోవచ్చు. 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, 2023లో పద్ధతి తేలిక చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ఉంటే చాలు. చివరి రోజుల్లో ఆకలి తగ్గడం సహజం, బలవంతంగా గొంతులో పొయ్యకండి. పెదాలు తడపండి, పక్కన కూర్చోండి.

వాడేసిన డైపర్లు ఎక్కడ పడెయ్యాలి?

న్యూస్‌పేపర్‌లో చుట్టి ఎర్ర గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. సూదులు మూతున్న గట్టి డబ్బాలో వేసి డ్రెస్సింగ్‌కి వచ్చే నర్సుకో, క్లినిక్‌కో ఇవ్వండి. చెత్త ఎత్తేవాళ్ల చేతులకి గుచ్చుకుంటాయి.

నేను అమెరికాలో ఉన్నాను. వీడియో కాల్‌లో ఏం చూడాలి?

మొహం ఒక్కటే చూసి పెట్టెయ్యకండి. అటెండెంట్ చేత ఒక నోట్‌బుక్ రాయించండి: ఏ టైముకి ఎంత తిన్నారు, ఎంత నీళ్లు, మూత్రం ఎన్నిసార్లు, మోషన్ అయిందా, ఏ పక్కకి తిప్పారు. కాల్‌లో ఆ పేజీ చూపించమనండి, అన్నీ ఒకే పెన్నుతో ఒకేసారి రాసినట్టుంటే తెలిసిపోతుంది. అప్పుడప్పుడు వేళ కాని వేళలో చెయ్యండి. ఐదు నిమిషాలు అటెండెంట్‌ని గది బయటికి పంపి అమ్మతో ఒక్కదానితో మాట్లాడండి. బట్టలు వదులవుతున్నాయేమో చూడండి. పెట్టేసే ముందు దుప్పటి ఎత్తి, ఫోన్ తిప్పి, రెండు మడమలూ చూపించమనండి.